కీలు, సంధి, గుజ్జు: దేహసంధుల తెలుగు నామాల చరిత్ర

బేగంపేట, అమీర్‌పేటలకు చేరువన పంజాగుట్టలో ఉన్న నిమ్స్, 1960 దశకంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ధర్మనిధి ఆశ్రయంలో ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైంది. అటువంటి వైద్యాలయాన్ని తెలంగాణ పలుకుబడిలో ‘బొక్కల దవాఖాన’ అంటారు. కోస్తా జిల్లాల్లో బొక్క అంటే రంధ్రం. ఎముక పేరు ప్రాంతాన్నిబట్టి ఇలా మారినా, ఎముకలు కలిసే చోటు మాత్రం అంతటా ‘కీలు’గానే నిలిచింది.

కీలమంటే సంస్కృతంలో మేకు. తెలుగులో కీలు దేహసంధికి, యంత్రపు మరకు, మర్మానికి కూడా పేరైంది. కీలుబొమ్మ, కీలుగుర్రం ఆ విస్తృతికి సాక్ష్యాలు. ‘కీలెరిగి వాత పెట్టాలి’ అన్న సామెత నేడు యుక్తికే చెల్లుతున్నా, దాని మూలం చికిత్సలో ఉంది. సంధిగత వేదనకు అగ్నికర్మను సుశ్రుతుడు విధించాడు.

సుశ్రుత సంహిత శారీరస్థానం సంధులను చేష్టావంతాలు, స్థిరాలు అని విభజించి 210గా లెక్కించింది: శాఖలలో 68, కోష్ఠంలో 59, మెడ మొదలుకొని పైన 83. చరకుని లెక్క 200. సుశ్రుతుడు చెప్పిన ఎనిమిది భేదాలలో పెక్కింటి పేర్లు ఇంటి వస్తువులవి, చేతిపనులవి. ఉలూఖలం రోలు, సముద్గం భరిణె, తున్నసేవని కుట్టుపని. కపాలాస్థుల కలయికను పాశ్చాత్యులు కూడా కుట్టు అనే అర్థమున్న లాటిన్ మాటతోనే పిలిచారు.

ఆకారమే ప్రమాణమైనప్పుడు తుంటి, దంతమూలం రెండూ ఉలూఖలాలే. రెండింటా గుంటలో ఒకటి ఇమిడి ఉన్నది నిజమే. ఆధునిక శరీరశాస్త్రం ముందుగా చూసేది నడుమనున్న కణజాలాన్ని: తంతుయుతం, మృదులాస్థియుతం, సైనోవియల్. దంతం తంతువులతో బిగిసి ఉంటుంది. తుంటి ద్రవకుహరమున్న చలనసంధి. ఒకే రోలు రెండు జాతులుగా విడిపోయింది.

తెలుగు పాఠ్యపుస్తకాల పరిభాష మళ్ళీ వస్తువులనే ఆశ్రయించింది. బంతి గిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు అన్నవి బాలలకు వెంటనే అందే పేర్లు. అయితే ఉపమానం అన్నిచోట్లా ఒకే తీరున అమరదు. మోకాలు మడతబందే అయినా, వంగినప్పుడు కొంత మెలి కూడా తిరుగుతుంది. బొంగరంలో మేకుతో సహా అంతా తిరుగుతుంది. మెడలోనో, రెండవ వెన్నుపూస మొన నిలిచి ఉండగా మొదటి పూస దాని చుట్టూ తిరుగుతుంది. నిలిచిన మేకు చుట్టూ పైరాయి తిరిగే తిరగలి, అంటే తెలంగాణ ఇసుర్రాయి, ఇక్కడ మేలైన పోలిక. ఇంటిలోని ఆ మాటను వదలి బొంగరాన్ని ఎంచుకోవడం పరిభాషాకర్తల లోపమే.

వ్యవహారంలోని ‘గుజ్జు’ చిక్కు ఇంతకంటె పెద్దది. ‘మోకాలి గుజ్జు అరిగింది’ అన్న మాట ఆర్థోపెడిక్ వైద్యశాలల్లో నిత్యం వినబడుతుంది. అరిగేది ఎముక కొనలను కప్పిన నునుపైన మృదులాస్థి. అది ఘనపదార్థం, రక్తనాళాలు లేనందున తిరిగి పెరగడం కష్టం. సంధిపొర స్రవించే సైనోవియల్ ద్రవం వేరు. అది రాపిడిని తగ్గించి మృదులాస్థిని పోషిస్తుంది. గుజ్జు అన్న ఒక్క మాటలో రెండూ కలిసిపోవడంతో, అరిగినదాన్ని మళ్ళీ నింపవచ్చునన్న భ్రమకు తావు కలుగుతోంది.

ఈ గందరగోళం ప్రాచీన గ్రంథాల నుండి వచ్చినది కాదు. చమురు పూసిన ఇరుసుపై చక్రం చక్కగా తిరిగినట్లు శ్లేష్మం వల్ల సంధులు కదులుతాయని సుశ్రుతుడు పోల్చాడు. ఇరుసు వేరు, చమురు వేరు. ఆ చమురుకు బండి కట్టిన రైతు వాడిన ‘కందెన’ తెలుగులో సిద్ధంగానే ఉంది. సైనోవియల్ ద్రవానికి దానిని, మృదులాస్థికి ‘మెత్తటి ఎముక’ను వాడితే రోగికి ఏది అరిగిందో, ఏది తగ్గిందో వేర్వేరుగా చెప్పడం సాధ్యమవుతుంది.