స్థానికత, ఉన్నత విద్యలో ఫీజు రాయితీ (ఆంధ్రప్రదేశ్)

విద్యార్థి ఏ ప్రాంతానికి చెందినవాడో తేల్చి, దాన్నిబట్టి కాలేజీ సీటునూ ఫీజు రీయింబర్స్‌మెంటునూ నిర్ణయించే హోదాను స్థానికత అంటారు. దీనికి పౌరసత్వంతో పని లేదు. సొంత దేశంలోనే ఊరు మారిన కుటుంబాల పిల్లలకు ఇది అడ్డు పడుతుంది.

దీనికి మూలం రాజ్యాంగంలోని 371డి అధికరణ. దాని కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉమ్మడి రాష్ట్రాన్ని ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లను ఆయా ప్రాంతాల వారికే ఉంచింది. గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఆంధ్ర ప్రాంతంలోకి, వాటి పొరుగున ఉన్న కర్నూలు, నెల్లూరు శ్రీవేంకటేశ్వర ప్రాంతంలోకి వచ్చాయి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికుడు. అలా కుదరకపోతే ఏడేళ్ల చదువులో ఎక్కువ కాలం ఎక్కడ గడిచిందో చూస్తారు. కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఇందుకే. బడికి వెళ్లని ఏళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస పత్రం చెల్లుతుంది.

బడి రిజిస్టరును ఆధారంగా తీసుకునే పద్ధతి మరోచోటా ఉండేది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 2001లో, అక్కడ మూడేళ్లు నివసించి, అక్కడి హైస్కూల్లో పాసైనవారికి వలస పత్రాలు లేకపోయినా స్థానిక ఫీజే వర్తింపజేసింది. 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆ వెసులుబాటును నిలిపివేసింది.

మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు వచ్చే కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి ప్రాంతాల కూలీలకు ఈ బడి రిజిస్టరే కష్టం. సుగ్గికి, అంటే పంట పనుల వలసకు, కదిలిన కుటుంబం నెలల తరబడి చేల దగ్గర గుడారాల్లో ఉంటుంది, పిల్లలు తల్లిదండ్రుల వెంటే ఉంటారు. సొంత ఊళ్లో రేషన్ కార్డు ఉంటుంది కాబట్టి నివాసం రుజువు చేసుకోవచ్చు. హాజరు తెగి, బడి మానేసిన పిల్లవాడు మాత్రం ఇంటర్ దాకానే రాడు. వలస కాలంలో పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లు పెట్టింది అందుకే. ఫీజు పథకాల చర్చలో వీటి ఊసు రాకపోవడం వింత.

స్టడీ సర్టిఫికెట్ పిల్లవాడి వెంట నడుస్తుంది, కుల ధ్రువీకరణ పత్రం నడవదు. సుప్రీంకోర్టులో ఈ సంగతి తేలింది తెనాలిలో పుట్టిన ఒక విద్యార్థి కేసులోనే. అతని తండ్రి తెనాలి తహసీల్దారు ఇచ్చిన షెడ్యూల్డ్ తెగ పత్రంతో ఎరువుల సంస్థలో ఉద్యోగం పొంది బొంబాయి వెళ్లాడు. కొడుకు అక్కడే చదివి, వైద్య కళాశాలలో ఎస్టీ కోటా సీటు కోరాడు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరొందిన ఈ వ్యాజ్యంలో 1990లో రాజ్యాంగ ధర్మాసనం, 342 అధికరణ ప్రకారం తెగ గుర్తింపు ఆయా రాష్ట్రానికే పరిమితమని చెప్పింది. పల్నాడు, ప్రకాశం తండాల్లోని సుగాలీలు ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో అదే సముదాయం షెడ్యూల్డ్ కులం. అయితే కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో నియమం మరోలా ఉంది: విద్యార్థి ఎక్కడ చదివినా సొంత రాష్ట్రమే చెల్లించాలి.

ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఆదాయ పరిమితి కూడా ఉంది. 2019-20లో మొదలైన జగనన్న విద్యాదీవెనలో కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు, భూమి మాగాణి అయితే పదెకరాలు, మెట్ట అయితే 25 ఎకరాలు మించకూడదన్న నియమం ఉండేది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి అది వర్తించేది కాదు.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక హైదరాబాదులో స్థిరపడిన కోస్తా కుటుంబాల పిల్లలూ ఈ చిక్కులో పడ్డారు. ఆ ఏడాది జూలైలో తెలంగాణ ప్రభుత్వం ‘ఫాస్ట్’ అనే ఫీజు సాయం పథకానికి 1956 నవంబర్ 1ని గీటురాయిగా పెట్టింది. ఆ తేదీకి ముందు నుంచీ తెలంగాణలో ఉన్న కుటుంబాలకే ఫీజు దక్కేది. హైకోర్టులో ప్రశ్నలు ఎదురయ్యాక దాన్ని ఉపసంహరించుకుంది. మరోవైపు, విభజన తర్వాత మూడేళ్లలోపు ఆంధ్రప్రదేశ్‌కు తరలివచ్చినవారిని స్థానికులుగా గుర్తించేలా రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి, ఆ గడువును తర్వాత పొడిగించారు. పునర్విభజన చట్టం పదేళ్లపాటు కొనసాగించిన ఉమ్మడి ప్రవేశాల కోటా 2024 జూన్ 2తో ముగిసింది.