బ్యాంకును అడిగితే తెలిసేది

2008 డిసెంబరు. హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ ఆఫీసు. మీరు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తెర మీద బిల్లుల జాబితా కదులుతోంది. ఒక్కో బిల్లుకు ఒక అక్షరం గుర్తు. ‘ఎస్’ ఉన్న బిల్లు సంబంధిత విభాగం వాళ్లకు కనబడుతుంది. ‘హెచ్’ పడ్డ బిల్లు కనబడదు. తన ప్రాజెక్టు పేరు మీద ఇంకో బిల్లు పుట్టిందన్న సంగతి ఆ ప్రాజెక్టు నడిపే మనిషికే తెలియదు. ‘సూపర్ యూజర్’గా లోపలికి వెళ్లినవాళ్లకు మాత్రమే రెండు రకాలూ కనబడతాయి. ఇలాంటి దొంగ బిల్లులు 7,561 ఉన్నాయని, వాటి విలువ 5,117 కోట్ల రూపాయలని తర్వాత సీబీఐ తేల్చింది. బిల్లే దొంగదైతే దాని మీద వచ్చిన డబ్బు ఎక్కడుంటుంది? అందుకే బ్యాంకు కాగితాలూ, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులూ కూడా దొంగవే తయారయ్యాయి.

బయట మాత్రం కంపెనీ వెలిగిపోతోంది. దాదాపు 53 వేల మంది ఉద్యోగులు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో చోటు. సెప్టెంబరులోనే, సంస్థను పద్ధతిగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

డిసెంబరు 16న బోర్డు కూర్చుంది. కంపెనీ వ్యవస్థాపకుడు, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. మదుపరులు భగ్గుమన్నారు. తెల్లారేలోపే తీర్మానం వెనక్కి పోయింది. లేని నగదు స్థానంలో ఉన్న ఆస్తులు తెచ్చి పెట్టడానికి అది ఆఖరి ప్రయత్నమని రాజే తర్వాత ఒప్పుకున్నారు.

డిసెంబరు 18న బోర్డు డైరెక్టరు, హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపుకు ఒక మెయిల్ వచ్చింది. పంపింది ‘జోసెఫ్ అబ్రహాం’. అది మారుపేరు. సారాంశం ఒక్కటే: కంపెనీ చూపిస్తున్న నగదు కంపెనీ దగ్గర లేదు, కావాలంటే బ్యాంకులను అడగండి.

ఇప్పుడు ఆ మెయిల్ వెంట మీరూ నడవండి. పాలెపు దాన్ని ఆడిట్ కమిటీ అధ్యక్షుడు ఎం.రామ్మోహనరావుకు పంపారు. అక్కణ్నుంచి అది ప్రైస్ వాటర్‌హౌస్‌లో ఎస్.గోపాలకృష్ణన్ దగ్గరికి చేరింది. ఏళ్ల తరబడి ఆ లెక్కలు సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టిన ఆడిట్ సంస్థ అదే. డిసెంబరు 29న ఆడిట్ కమిటీ ముందు వివరణ ఇస్తామన్నారు. ఆ తేదీ జనవరి 10కి జరిగింది. ఈలోపు నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఎటు వెళ్లి చూడాలో మెయిల్ వేలు పెట్టి చూపించింది. అది మాత్రం ఎవరి పనిని అనుమానించాలో వాళ్ల బల్ల మీదికే వెళ్లి కూర్చుంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టని మన పెద్దలనేది ఇలాంటి సందర్భానికే.

జనవరి 10 దాకా ఆగాల్సిన అవసరం రాలేదు. 7వ తేదీన రామలింగరాజే బోర్డుకు ఉత్తరం రాసేశారు. పుస్తకాల్లో 5,361 కోట్లుగా ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఉంది. ఒక త్రైమాసికంలో 649 కోట్లని చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లే.

ఆ మధ్యాహ్నం మఠంపల్లి రోడ్డు మీద నిలబడండి. అప్పటికింకా నల్లగొండ జిల్లాయే. సిమెంటు లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. హోటల్లో టీవీ ముందు జనం మూగారు. తెర కింద షేరు ధర పడిపోతూనే ఉంది. ఆ ఒక్కరోజులో నాలుగింట మూడొంతులకు పైగా పోయింది. కొడుకును అదే కంపెనీకి పంపిన తండ్రి ఒకరు ఫోను చెవికి ఆనించుకుని ఉంటే, మీకు వినిపించే మాటలు ఇవే.

“బిడ్డా, నీ జీతానికి ఢోకా లేదు గదా?”

“ఏం తెల్వదు నాయినా. పొద్దుగాల దాకా మేం పనే చేసినం.”

వాళ్లు చేసింది నిజమైన పనే. ఏప్రిల్లో టెక్ మహీంద్రా కంపెనీని చేతిలోకి తీసుకునేదాకా వేల ఇళ్లలో నిద్ర లేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు వేసింది. మెయిల్ అందుకున్న గోపాలకృష్ణన్ ఆ పది మందిలో ఒకరు. నెల దాటిన కొద్ది రోజులకే అప్పీలులో శిక్ష అమలు నిలిచిపోయింది, బెయిలూ దొరికింది.

సత్యం తర్వాత చట్టం కొంత మారింది. 2013 కంపెనీల చట్టం 177వ సెక్షను ప్రకారం, స్టాక్ మార్కెట్లో నమోదైన ప్రతి కంపెనీలో తప్పు గురించి చెప్పుకునే ఏర్పాటు ఉండాలి. అవసరమైతే ఆడిట్ కమిటీ అధ్యక్షుణ్నే నేరుగా కలవొచ్చు. మంచిదే. కానీ ఆ తలుపు జోసెఫ్ అబ్రహాంకు మూసి లేదు. మెయిల్ ఆ అధ్యక్షుడి దాకా వెళ్లింది. లోపలికి వెళ్లాక ఎటు మళ్లిందన్నదే అసలు ప్రశ్న. 2001లో అమెరికాలో ఎన్‌రాన్ కంపెనీ ఉద్యోగిని షెరన్ వాట్కిన్స్ కూడా లెక్కల మీద తన అనుమానాలను ఛైర్మన్ కెనెత్ లే చేతికే ఇచ్చారు. కంపెనీ విచారణను తన పాత లాయర్లకే అప్పగించింది. ఇక 2014లో మన పార్లమెంటు చేసిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం ప్రభుత్వ రంగంతోనే సరిపెట్టింది. ప్రైవేటు ఉద్యోగిని పట్టించుకోలేదు.

ఇది పెద్ద కంపెనీల గొడవ అనుకోవద్దు. మిర్యాలగూడలో ధాన్యం ట్రాక్టరు ఎక్కే కాటా దగ్గరా, మఠంపల్లిలో లారీలు తూగే కాటా దగ్గరా చిట్టీ రాసే గుమాస్తా ఒకరుంటారు. తూకంలో తేడా జరిగితే అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. నెల జీతం మీద ఇల్లు నడిపే మనిషి, తాను రాసే ఫిర్యాదు కాగితం మళ్లీ యజమాని బల్ల మీదికే వస్తుందని తెలిస్తే నోరు విప్పుతాడా? విప్పడు. అలా విప్పలేకపోవడాన్ని పిరికితనం అనే హక్కు మనకు లేదు. కాగితం సరైన చేతికి చేర్చే బాధ్యత పైన కూర్చున్నవాళ్లది.

రేపు మీ సొసైటీలోనో, ఆఫీసులోనో, బడి కమిటీలోనో పేరు లేని ఉత్తరం మీ చేతికి రావచ్చు. రాసిందెవరని ఆరా తీయకండి. అందులో ఎవరి పేరుందో వాళ్లకు చూపించి వివరణ అడగడంతో సరిపెట్టకండి. చూడమన్న చోటికి అదే రోజు మీరే వెళ్లి చూడండి.