తూము కారితే చెరువుకే ముప్పు
పాత తూముల లీకేజీని గుర్తించడం, సరిచేయడం ఎలా?

కంబదూరు: అనంతపురం పీఠభూమిలో చెరువు నిండడం ఏటా జరిగే ముచ్చట కాదు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందులోనూ ఎక్కువ వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొద్దిరోజుల్లోనే కురిసిపోతాయి. కంబదూరు వంటి మెట్ట మండలాల్లో అరుదుగా చేరిన ఆ నీటిని నిలుపుకోవడమే రైతుకు అసలు పరీక్ష. తూము మూసి ఉన్నా కాలువలో నీరు పారుతున్నదంటే ఆయకట్టుకు అందవలసిన తడి వృథా అవుతున్నట్లే. ఆ కారడం కట్ట లోపలి మట్టిని కోస్తున్నట్లయితే చెరువుకే ముప్పు వాటిల్లుతుంది.

పూర్వికులు చెప్పిన మొదటి దోషం

చెరువు కట్టలో ఊట సమస్య నేటిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలోని క్రీ.శ. 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను పేర్కొన్నది. కట్ట నుంచి నీరు కారడం ఆ దోషాలలో ఒకటి. తెగబోయే చెరువు కట్ట కోసం ప్రాణత్యాగం చేసిన బుక్కరాయసముద్రం ముసలమ్మ గాథ ఈ జిల్లా ప్రజలకు సుపరిచితం. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యానికి ఆ గాథే ఆధారం.

తూమే ఎందుకు కారుతుంది?

మట్టి కట్ట ఒకే పదార్థంతో నిర్మితమైనది. దాని గుండా సాగే తూము గొట్టం మాత్రం రాయి, ఇటుక లేదా సిమెంటుతో కట్టినది. మట్టి తడిసి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. రాయి కదలదు. వరుస కరవుల్లో చెరువు ఏళ్ల తరబడి ఎండిపోతే ఈ రెండింటి నడుమ సన్నని సందు ఏర్పడుతుంది. తిరిగి నీరు చేరినప్పుడు ఆ సందే దారి అవుతుంది. తుమ్మచెట్ల వేర్లు, ఎలుకలు, ఎండ్రకాయలు చేసే బొరియలు దీనికి తోడవుతాయి. షట్టర్ కింద రాళ్లు, పూడిక చేరడం, రబ్బరు అంచు అరిగిపోవడం, మరకడ్డీ వంగడం మరికొన్ని కారణాలు.

ఎక్కడ కారుతున్నదో తేల్చుకోవాలి

మరమ్మతుకు ముందు లీకేజీ ఏ రకమో నిర్ధారించుకోవాలి. తూము మూసి ఉండగా గొట్టం నోటి నుంచి తేటనీరు వస్తూ, చెరువు మట్టం తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంటే దోషం షట్టర్ వద్ద ఉండే అవకాశం ఎక్కువ. గొట్టం లోపలి నుంచే మట్టినీరు వస్తుంటే గొట్టం అతుకులు విడి, కట్టలోని మట్టి లోపలికి జారుతున్నట్లు అనుమానించాలి. గొట్టం నోటి పక్కన, రాతిగోడ చుట్టూ నీరు ఉబికితే గొట్టం వెలుపలి అంచు వెంబడి దారి ఏర్పడినట్లు. అన్నింటిలోకి ప్రమాదకరమైనది ఇదే. చెరువు వైపు నీటిపై చిన్న సుడి కనిపించినా, కట్టపై గుంట పడినా లోపల డొల్ల ఏర్పడినట్లు భావించి వెంటనే నీటిపారుదల ఇంజినీర్లకు తెలపాలి.

కారే నీటిని గాజు సీసాలో పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. తెల్లవారేసరికి అడుగున మట్టి పేరుకుంటే కట్ట కోతకు గురవుతున్నట్లే. ఎంత నీరు పోతున్నదో బకెట్, గడియారం సాయంతో లెక్కించవచ్చు. 20 లీటర్ల బకెట్ 10 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు పోతున్నట్లు. రోజుకు అది 1,72,800 లీటర్లు. 30 రోజులకు 51.84 లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యికి పైగా. వారానికోసారి ఈ కొలతను, చెరువు మట్టాన్ని రాసి ఉంచాలి. మట్టం తగ్గుతున్నా కారడం తగ్గకపోతే రంధ్రం పెద్దదవుతున్నదని గ్రహించాలి.

కట్ట దిగువన తేటగా, నిలకడగా వచ్చే కొద్దిపాటి ఊట అంతటినీ లీకేజీగా భావించనక్కరలేదు. మట్టి కట్టలో కొంత ఊట సహజం. దిగువ బావులకు అది ఆదరువు కూడా. మట్టి కలవడం, ఊట పెరగడం, కొత్తచోట తేలడం మాత్రం ప్రమాద సూచికలు.

మరమ్మతు ఇలా

చెరువు ఎండిన వేసవిలోనే పని చేపట్టాలి. షట్టర్ దోషమైతే పూడిక, రాళ్లు తొలగించి, కూర్చునే అంచును శుభ్రపరచి, రబ్బరు మార్చి, మరకడ్డీని సరిచేసి గ్రీజు పూయాలి. చెక్క బిరడా ఉన్న పాత రాతి తూములో బిరడాను రంధ్రానికి సరిపడా తిరిగి చెక్కించడమో, కొత్తది అమర్చడమో చేయాలి.

గొట్టం అతుకులు విడితే వదులు గారను గీకి తీసి, కడిగి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుకతో నింపాలి. వెనుక డొల్ల ఉంటే ఇంజినీర్ల పర్యవేక్షణలో సిమెంటు పాలు ఎక్కించాలి. గొట్టంలోకి ఒంటరిగా దిగరాదు. పాములు, గాలి లేమి రెండూ ప్రాణాంతకమే. నడుముకు తాడు కట్టి, బయట మనిషిని ఉంచి, దీపం తీసుకుని వెళ్లాలి.

గొట్టం వెలుపల దారి పడితే పైపూతలతో ప్రయోజనం లేదు. కట్టను మెట్లు మెట్లుగా తవ్వి, వదులు మట్టి, వేర్లు తీసివేసి, బంకమట్టితో తిరిగి నింపాలి. ఎర్ర గరుసు ఒక్కటే వాడితే నీరు నిలవదు. అర అడుగు మందం పొరలుగా వేసి, ఒక్కొక్క పొరను దిమ్మిస చేయాలి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, నీరు కారరాదు. అదే సరైన తేమ. గొట్టాన్ని ఆనుకుని యంత్రం చేరనిచోట చేతి దిమ్మిసనే వాడాలి.

చేయకూడని పని

దిగువన నీరు ఉబికేచోట సిమెంటుతోనో బంకమట్టితోనో బిగించడం తరచుగా జరిగే పొరపాటు. నీటి ఒత్తిడి లోపల పెరిగి మరోచోట కట్టను చీల్చుతుంది. ఇసుక, సన్నకంకర, పెద్దకంకర వరుసగా పరిస్తే నీరు బయటికి పోతుంది, మట్టి నిలుస్తుంది. అత్యవసర వేళ ఉబికేచోట చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి నీటిమట్టం కొంత పెంచితే కోత తగ్గుతుంది. చెరువు వైపు సుడి కనిపించినచోట ఒడ్డు నుంచే మట్టి బస్తాలు వేయాలి. నీటిలోకి దిగరాదు. గొట్టంలో పగుళ్లుంటే షట్టర్‌ను ఒక్కసారిగా ఎత్తక, ఇంజినీర్ల సలహాతో మట్టాన్ని క్రమంగా తగ్గించాలి. దిగువ ఊళ్లవారిని ముందే అప్రమత్తం చేయాలి.

బాధ్యత ఎవరిది?

పూర్వం తూము తెరవడం, మూయడం, కట్టపై కన్నేసి ఉంచడం నీరుగంటి విధి. 1997లో రాష్ట్రంలో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు నిర్వహణలో పాత్ర కల్పించింది. 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం కింద చెరువు పనులూ సాగాయి. అయితే పూడిక తీసినంత మాత్రాన తూము బాగుపడదు. తూమును మేలో పరిశీలించి, జూన్‌లోగా సరిచేసి, తొలి నీరు చేరిన వారంలో మళ్లీ కొలిచి చూడాలి. కట్టను తవ్వి కొత్త మట్టి నింపినచోట మొదటి ఏడాది చెరువు నిండేవరకు ప్రతిరోజూ కాపలా తప్పనిసరి.