వాక్‌మన్ ఇచ్చిన వరం, చెవి చెల్లించిన వెల

1979 జులై 1న జపాన్‌లో సోనీ సంస్థ వాక్‌మన్ అనే చిన్న క్యాసెట్ యంత్రాన్ని విపణిలోకి తెచ్చింది. వెల 33,000 యెన్‌లు. విలేఖరుల కోసం అదే సంస్థ తయారుచేసిన ప్రెస్‌మన్ అనే టేప్ రికార్డరే దీనికి మూలం. అందులోని రికార్డింగు సదుపాయాన్నీ స్పీకరునూ తొలగించి, స్టీరియో శ్రవణానికి అనువుగా మలచి, తేలికైన హెడ్‌ఫోన్ జతచేశారు. రికార్డు చేయలేని యంత్రాన్ని ఎవరు కొంటారన్న సందేహం సంస్థలోనే తలెత్తింది. అయినా వ్యవస్థాపకులైన మసారు ఇబుకా కోరిక, అకియో మొరితా పట్టుదల నెగ్గాయి.

పాఠక మిత్రులారా, ఆ యంత్రం చేసిన మేలు చిన్నది కాదు. అంతకుముందు రేడియో మోగితే ఇరుగుపొరుగు వారు సైతం వినవలసిందే. వాక్‌మన్ వచ్చాక రైలు ప్రయాణికుడైనా, మంచం పట్టిన రోగి అయినా పక్కవారికి ఇబ్బంది లేకుండా తన ఇష్టమైన పాట తాను వినగలిగాడు.

అయితే ఆ ఏకాంతమే మొదటి లోపం. ఇంట్లో దానిని పరీక్షిస్తున్నప్పుడు తన భార్య తాను వెలివేయబడినట్లు భావించిందని మొరితా ఆత్మకథలో రాసుకున్నారు. అందుకే తొలి నమూనాలో ఇద్దరు వినేందుకు రెండు రంధ్రాలు, పాటను తగ్గించి మాట్లాడుకొనేందుకు ఒక మీట అమర్చారు. తరువాతి నమూనాలలో ఆ మీట కనుమరుగైంది.

రెండవ లోపం వైద్య సంబంధమైనది. పల్చని స్పాంజి హెడ్‌ఫోన్ బయటి రొదను ఆపలేదు. ఆ రొదను మించి పాట వినబడాలని మనిషి ధ్వనిని పెంచుతాడు. లోపలిచెవిలోని కాక్లియాలో దాదాపు 15,000 రోమకణాలు ఉంటాయి. అవి నశిస్తే తిరిగి పుట్టవు. నశించేటప్పుడు నొప్పి కూడా ఉండదు. ముందుగా పోయేది హెచ్చు స్థాయి ధ్వనులను గ్రహించే శక్తి. అప్పుడు ఎదుటివారి గొంతు వినబడుతుంది కాని, స, శ వంటి అక్షరాలు అందక మాట అర్థం కాదు.

విచిత్రమేమంటే, పాత యంత్రపు లోపాలే చెవిని కొంత కాపాడాయి. 60 నిమిషాల క్యాసెట్ ఒక వైపు 30 నిమిషాలకే ముగిసేది. దానిని తిప్పాలి, బ్యాటరీలు మార్చాలి. ఆ విరామాలలో చెవికి విశ్రాంతి దొరికేది. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ ప్రకటించిన ఐపాడ్ వెయ్యి పాటలను జేబులో పెట్టింది. ఒకసారి ఛార్జి చేస్తే 10 గంటలు పాడింది. నేటి ఫోనులో పాటలకు అంతే లేదు. యంత్రం లోపాలు సవరించుకొన్నకొద్దీ చెవికి విశ్రాంతి కరవైంది.

ధ్వనికి కూడా ఔషధం వలెనే మోతాదు ఉంది. పెద్దలకు 80 డెసిబెల్స్ ధ్వని వారానికి 40 గంటల వరకు ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ వ్యవధి సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5 గంటలే.

కనుక మీ ఫోనులో ధ్వని పరిమితిని అమర్చుకోండి. చేయి చాపినంత దూరంలోని మనిషి మాట వినబడకపోతే ధ్వని ఎక్కువైనట్లే. పాత క్యాసెట్ బలవంతాన ఇప్పించిన విరామాన్ని, అరగంటకు ఒకసారి, మీరే ఇవ్వండి. చెవిలో హోరు నిలిచి ఉంటే ఆలస్యం చేయక వినికిడి పరీక్ష చేయించుకోండి.