బండి లేని ఫొటోలు



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాసిమ్మని కార్యదర్శిగారు అడిగారు. నేను చరిత్రలో పట్టా పుచ్చుకున్నవాడిని కాను. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. సెలవు రోజున కెమెరా భుజాన తగిలించుకుని పాత కట్టడాలు వెతుక్కుంటూ పోవడం నాకున్న ఒకే ఒక వ్యసనం. మా ఇంటావిడ దానికి "దిబ్బల తిరుగుడు" అని పేరు పెట్టింది. ఆ తిరుగుడులో నేను చేసిన ఒక పొరపాటు గురించే ఈ వ్యాసం.

1976లో కరువు భత్యం బకాయిలు చేతికందితే ఆగ్ఫా క్లిక్-3 కెమెరా కొన్నాను. మీలో చాలామంది ఇళ్ళల్లో అదే ఉండేది. రీలు వేస్తే పన్నెండే ఫొటోలు. రీలు ఖరీదు, కడిగించే ఖర్చు, ప్రింట్ల ఖర్చు లెక్క చూసుకుంటే ఒక్కొక్క ఫొటో ఆచితూచి తీయాల్సి వచ్చేది. అందుచేత గుడో గోపురమో తీస్తున్నప్పుడు ఎదురుగా ఏ జట్కానో రిక్షానో ఎడ్లబండో అడ్డం వస్తే, అది దాటిపోయేదాకా ఆగి మరీ బటన్ నొక్కేవాడిని. ఫొటో "శుభ్రంగా" రావాలని నా తాపత్రయం. ఆ శుభ్రం ఎంత పని చేసిందో చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

గుంటుపల్లి, పెదవేగి

ఏలూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగి ఒకనాటి వేంగి రాజధాని. శాలంకాయనులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. ఇవాళ అక్కడ కనిపించేవి దిబ్బలు, తవ్వకాల్లో బయటపడ్డ ఇటుక గోడలు. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లిలో అయితే క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటి బౌద్ధ గుహలు కొండలో తొలిచినవి తొలిచినట్టే ఉన్నాయి. గుండ్రని చైత్యంలోకి వెళ్ళి తల పైకెత్తి చూడండి. రాతి కప్పు మీద చుట్టూ వాసాలు చెక్కి ఉంటాయి. రాతికి వాసాలతో పనేమిటి? ఆ రోజుల్లో కొయ్యతో కట్టిన ఇళ్ళ పైకప్పు ఎలా ఉండేదో శిల్పి అలాగే రాతిలో దింపాడు. ఆ కొయ్య ఇళ్ళలో ఒక్కటీ ఇప్పుడు లేదు. వాటి పోలిక మాత్రం రాతిలో నిలిచింది.

అంటే రెండు వేల ఏళ్ళ కిందట ఆ శిల్పి చేసినదీ ఒక రకంగా ఫొటో తీయడమే. నిలిచే రాయి మీద, నిలవని కొయ్యను నమోదు చేశాడు. నేను కెమెరా చేతబట్టుకుని సరిగ్గా దానికి ఎదురు పని చేశాను. నిలిచే రాయిని తీశాను, నిలవని బండిని తప్పించాను.

ఏలూరు కాలువ

కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కు పూర్తయింది. అటు గోదావరి నీరు తెచ్చే కాలువ, ఇటు కృష్ణ నీరు తెచ్చే కాలువ ఏలూరులో కలుస్తాయి. కాలువలంటే మనకు పొలాలకు నీరు గుర్తొస్తుంది గాని, వాటిని పడవలు నడవడానికి కూడా తవ్వారు. కాకినాడలో సరుకు ఎక్కించిన పడవ ఏలూరు మీదుగా బెజవాడ చేరి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోవచ్చు. నీటిమట్టం మారిన చోటల్లా లాకులు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు వేసి, నీరు నింపో వదిలో రెండో వైపు మట్టానికి తెచ్చి, ముందు తలుపు తీసేవారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగే మనుషులు.

నేను ఉద్యోగంలో చేరిన 1973 ప్రాంతాల్లో కూడా సరుకు పడవలు అక్కడక్కడా కనిపించేవి. లారీలు వచ్చి వాటిని మింగేశాయి. నా దగ్గర లాకుల ఫొటోలు ఏడు ఉన్నాయి. ఒక్కదానిలోనూ పడవ లేదు! పైగా వాటిలో ఒకదాని వెనక "ఏలూరు లాకులు" అని రాసి పది మందికి చూపిస్తుంటే, రిటైరైన లస్కరు ఒకాయన చూసి, "ఇది ఏలూరు కాదండి, గోడ కట్టుబడి చూడండి" అన్నాడు. ఆయన అన్నదే నిజం. తేదీ, స్థలం అప్పటికప్పుడు రాయని ఫొటో, నంబరు వేయని ఫైలు ఒకటే. గుమాస్తానై ఉండి ఆ మాత్రం తెలియకపోయింది.

2008లో కేంద్రం ఈ కాలువల దారినే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. ఆ వార్త చదివిన రోజున నా ఏడు ఫొటోలూ మళ్ళీ తీసి చూసుకున్నాను.

వంతెన ఉంది, రైలు లేదు

తూర్పు తీరపు రైలుమార్గం 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దిశగా సాగింది. గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో మొదలయ్యేదాకా ప్రయాణికులు కొవ్వూరు రేవులో దిగి పడవ మీద రాజమండ్రి చేరాల్సిందే. బొగ్గు ఇంజను తాడేపల్లిగూడెం స్టేషనులోకి వస్తుంటే ప్లాట్‌ఫారం అదిరిపోవడం, కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళ కళ్ళల్లో బొగ్గు నలుసులు పడటం మీకందరికీ అనుభవమే. దానికీ ఫొటో లేదు. వంతెనల దగ్గర, స్టేషన్లలో ఫొటోలు తీయరాదని బోర్డులుండేవి. సర్కారు ఉద్యోగినై ఉండి నియమం మీరడానికి మనసొప్పలేదు. 1995తో దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి రైళ్ళ కాలం ముగిసింది. 1997లో హేవలాక్ వంతెన కూడా మనలాగే పదవీ విరమణ చేసింది. ఆ తరవాత వెళ్ళి తీరిగ్గా తీశాను. చక్కని ఫొటో. వంతెన ఉంది, రైలు లేదు.

తాడేపల్లిగూడెం

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలోనే ఇంగ్లీషువాళ్ళు తాడేపల్లిగూడెంలో విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. బస్సులు పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిచిన రోజులవి. వెనక బిగించిన బొగ్గు పొయ్యిని చక్రం తిప్పి రాజేస్తుంటే, ప్రయాణికులు చెట్టు నీడన కూర్చునేవారట. మా నాన్నగారు చెప్పగా విన్నదే తప్ప ఆ బస్సు బొమ్మ మా ఇంట్లో లేదు. రన్‌వే ఫొటో మాత్రం నేను తీసింది ఉంది. దాని మీద ధాన్యం ఆరబోసి ఉంది.

ఆ ఊళ్ళో ఉద్యోగం చేసి 1979లో బదిలీ అయినప్పుడు ఆఫీసు ముందు అందరం నిలబడి గ్రూపు ఫొటో తీయించుకున్నాం. మెడలో దండతో నేను మధ్యలో ఉన్నాను. రిటైరయ్యాక ఆ ఫొటో భూతద్దం పెట్టి చూస్తుంటే ఎడమ అంచున సగం జట్కా కనిపించింది. గుర్రం లేదు, చక్రమూ గూడూ మాత్రం ఉన్నాయి. స్టేషను నుంచి ఆఫీసుకు మనల్ని వానలో, ఎండలో మోసిన జట్కాకు నా దగ్గర మిగిలిన సాక్ష్యం అదొక్కటే. అదీ స్టూడియో అబ్బాయి పొరపాటున పడనిచ్చినది.

కొల్లేటి దోనె

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడినది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీరు తెచ్చి పోస్తాయి; ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. లంక గ్రామాలకు డ్యూటీ మీద వెళ్ళినవారికి తాటిదోనె సంగతి తెలుసు. తాటిమానుకు పైచేవ గట్టిది, లోపలిది మెత్తన. లోపల తొలిచేస్తే దోనె సిద్ధం. వేరు వైపు లావుగా ఉన్న మొదలే దానికి ముక్కు. కొత్తవాడు అందులో నిలబడితే నీళ్ళల్లో పడటమే. బరువు వేయాలంటే రెండు దోనెలు పక్కపక్కన కట్టి గెడ వేసేవారు.

1994లో గూడబాతుల కోసం ఒక లంకకు వెళ్ళాను. అప్పటికి చేతికి 35 ఎం.ఎం. కెమెరా వచ్చింది. పక్షులకు గురిపెట్టి బటన్ నొక్కబోయేసరికి ఒక పెద్దాయన దోనె గెడ వేసుకుంటూ అడ్డం వచ్చాడు. రీలులో అదే ఆఖరిది, పైగా పొద్దుపోతోంది. ఆగే ఓపిక లేక నొక్కేశాను. పక్షులు మసకగా, దోనె స్పష్టంగా వచ్చింది. పాడైన ఫొటో అని కవరులో పడేశాను.

తరవాత కొల్లేటికి ఏం జరిగిందో మీకు తెలుసు. అప్పటికే చెరువు నిండా చేపల గట్లు లేచాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు పక్షుల అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించింది.

2009లో ఆ ఫొటోకు పెద్ద ప్రింటు వేయించుకుని అదే లంకకు వెళ్ళాను. పెద్దాయన పేరు అప్పుడు అడగలేదు. ఎవరని వాకబు చేయడం? రేవులో గిన్నెలు తోముకుంటున్న ఒకావిడకు చూపించాను. ఆవిడ మనిషి ముఖం వైపు చూడలేదు. దోనె పక్కన కొట్టిన రేకు ముక్క మీద వేలు పెట్టి, "ఆయ్, ఇది మా మావగారి దోనండి. ఈ రేకు మా ఆయనే కొట్టారండి" అంది. తరవాత ముఖం చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన పోయి అప్పటికే కొన్నేళ్ళయిందట. ఇంట్లో మరో ఫొటో లేదట. ప్రింటు ఆవిడకిచ్చి, నా దగ్గరున్న ప్రతి వెనక పదిహేనేళ్ళ తరవాత ఆయన పేరు రాసుకున్నాను.

ఇన్నేళ్ళలో నేను తీసిన వందలాది ఫొటోల్లో ఇంకొకరికి పనికొచ్చినది, నేను పాడైందనుకున్న ఆ ఒక్కటే.

మనం చేయదగిన పని

గుంటుపల్లిని పురావస్తు శాఖ చూసుకుంటుంది. మనం ఎక్కిన బండిని చూసుకునే శాఖ ఏదీ లేదు. కాబట్టి సభ్యులకు నాదొక విన్నపం. మీ ఇంట్లో బదిలీ ఫొటోలు, పెళ్ళి ఫొటోలు దించి అంచులు చూడండి. వెనక రిక్షా ఉందా, పడవ ఉందా, హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసే బస్సు ఉందా? ఉంటే ఏ ఊరు, ఏ సంవత్సరం, బండి తోలిన మనిషి ఎవరు అన్నది ఫొటో వెనక మెత్తని పెన్సిలుతో రాయండి. సిరా అయితే చెమ్మకు పాకి ఫొటోను పాడుచేస్తుంది. మనవల చేత సెల్‌ఫోనులోకి ఎక్కించి మన సంఘానికి పంపితే ఒక ఆల్బం చేద్దాం. రాయాల్సిన పేర్లు తెలిసినవాళ్ళం మనమే. ఏటా మన సంతాప తీర్మానాల జాబితా పెరుగుతోంది కనుక, ఈ పని వచ్చే సంచిక దాకా ఆపవద్దు.

ఇప్పుడు గుడి ముందు నిలబడి ఫొటో తీస్తుంటే ఆటో అడ్డం వస్తుంది. పక్కకు వెళ్ళమని అనడం మానేశాను.