దిగాడా, దించారా? మ్యాన్‌హోల్ మరణాల్లో నమోదు, దర్యాప్తు

మురుగు గుంతలో కార్మికులు చనిపోయిన ప్రతిసారీ వార్తల్లో దాదాపు ఒకే వాక్యం కనిపిస్తుంది: మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక మృతి. అందులో దిగినవాడు ఉంటాడు, దించినవాడు ఉండడు. పోలీస్ స్టేషన్‌లో రాసే మొదటి కాగితంలోనూ దించినవాడు లేకపోతే దర్యాప్తు, శిక్ష, పరిహారం అన్నీ ఆ లోటుతోనే నడుస్తాయి. అలాంటి మరణం జరిగినప్పుడు ఏం నమోదు కావాలో, ఏం విచారించాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

పేరు మారితే లెక్క మారుతుంది

పాకీ పని వల్ల దేశంలో ఎవరూ చనిపోలేదని 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం రాజ్యసభకు చెప్పింది. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పోయిన ప్రాణాలను ‘ప్రమాదకర శుభ్రత’ అనే వేరే ఖాతాలో వేసింది. 2013 నాటి పాకీ పని నిషేధ చట్టం ఈ రెంటినీ వేర్వేరుగా నిర్వచించిన మాట నిజమే. కానీ రెంటినీ నిషేధించింది కూడా ఆ చట్టమే. 2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్ మ్యాన్‌హోల్‌లో నలుగురు చనిపోయారు. 2017 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక హేచరీ ట్యాంకులో ఏడుగురు చనిపోయారు. ఏ ఖాతాలో రాసినా ఆ ఇళ్లలో లోటు ఒకటే.

ఇది ‘అనుకోని’ ప్రమాదమా?

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ఆ వాసనను పసిగట్టే శక్తే పోతుంది. ఇంకా పెరిగితే మనిషి క్షణాల్లో కూలిపోతాడు. అతన్ని పైకి లాగడానికి దిగిన రెండో మనిషికీ అదే గతి. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు చనిపోవడానికి కారణం ఇదే. ఇదంతా ముందే తెలిసిన ముప్పు. కాబట్టి దర్యాప్తులో మొదటి ప్రశ్న ‘ఎలా చనిపోయాడు’ అన్నది కాదు, ‘దించే ముందు గాలిని పరీక్షించారా’ అన్నది కావాలి.

ఫిర్యాదులో ఏం ఉండాలి

పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ 194 సెక్షన్ కింద మాత్రమే రాసుకుంటే అది మరణ కారణం తెలుసుకునే విచారణే తప్ప ఎవరి మీదా కేసు కాదు. ఎఫ్ఐఆర్‌లో 2013 చట్టంలోని 7, 9 సెక్షన్లు ఉండాలని అడగాలి. మొదటిసారి నేరానికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇది బెయిలు లేని నేరం. నిర్లక్ష్యం వల్ల మరణానికి బీఎన్‌ఎస్ 106 కూడా చేర్చాలి. మృతుడు ఎస్సీ లేదా ఎస్టీ అయి, చేయించింది మలం ఎత్తే పని అయితే అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జె) వర్తిస్తుంది. అప్పుడు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి.

మా పరిధి కాదని ఏ స్టేషన్ తిప్పి పంపినా జీరో ఎఫ్ఐఆర్ అడగవచ్చు. నమోదుకు ఒప్పుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా తీసుకోవడం ఫిర్యాదుదారు హక్కు.

దర్యాప్తు ఎక్కడిదాకా వెళ్లాలి

చాలా కేసులు సూపర్‌వైజర్ దగ్గర ఆగిపోతాయి. పనికి ఆర్డర్ ఇచ్చినవారు, బిల్లు మంజూరు చేసే ఇంజనీరు, కాంట్రాక్టర్, ప్రైవేటు ట్యాంకైతే దాని యజమాని — వీళ్లందరి పాత్రా తేలాలి. వర్క్ ఆర్డర్, హాజరు పట్టీ, ఆ రోజు ఫోన్ కాల్స్, సీసీ కెమెరా దృశ్యాలు సీజ్ చేయాలి. గుంత దగ్గర ఏ పరికరాలు ఉన్నాయో, ఏవి లేవో పంచనామాలో రాయించాలి. తర్వాత తెచ్చిపెట్టిన మాస్కులు, బూట్లు సాక్ష్యంగా మారకుండా అదే కాపాడుతుంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ చేయించిన సోషల్ ఆడిట్ 2022, 2023 సంవత్సరాల్లోని 54 మరణాలను పరిశీలించింది. వాటిలో 49 కేసుల్లో మృతుల ఒంటి మీద ఏ రక్షణ సామగ్రీ లేదు. 47 కేసుల్లో యంత్రాలే లేవు. ‘వద్దన్నా వినకుండా దిగాడు’ అనే కాంట్రాక్టర్ మాటకు ఈ అంకెలే జవాబు. అత్యవసరమైనా సరే, రక్షణ లేకుండా మురుగు కాలువలోకి దించడాన్ని నేరంగా చూడాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

పరిహారం, రాజీ

2014 తీర్పు మృతుడి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్ 20 నాటి తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యానికి కనీసం 20 లక్షలు, ఇతర వైకల్యాలకు కనీసం 10 లక్షలు ఇవ్వాలి. ఈ డబ్బు క్రిమినల్ కేసుకు బదులు కాదు. శవం ఇంటికి చేరకముందే కాంట్రాక్టర్ మనుషులు నోట్ల కట్టతో, తెల్ల కాగితంతో వస్తే సంతకం పెట్టవద్దు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా విజిలెన్స్ కమిటీకి ఈ కేసుల నమోదును, దర్యాప్తును పర్యవేక్షించే బాధ్యత ఉంది. జాతీయ సఫాయి కర్మచారి కమిషన్‌కూ ఫిర్యాదు చేయవచ్చు.

ఫిర్యాదు రాసేటప్పుడు నాలుగు విషయాలు మరవకూడదు: పనికి పిలిచింది ఎవరు, కూలి ఇస్తామన్నది ఎవరు, మూత తీయించింది ఎవరు, పైన నిలబడి చూసింది ఎవరు. పేర్లు తెలియకపోతే ఫోన్ నంబరు, బండి నంబరు రాసినా చాలు. దించినవాళ్లను వెతికి పట్టుకోవడం ఆ తర్వాత పోలీసుల పని.