పొదల్ని చంపిందెవరు?

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన బొడేగా తీరం. పసిఫిక్ గాలి ఎడతెగకుండా కొట్టే ఆ గట్ల మీద లుపిన్ పొదలు పచ్చగా విరగబూస్తాయి. చిక్కుడు జాతి మొక్క కాబట్టి గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టుకుని ఇసుక నేలలోనూ నిలబడగలదు. అంతటి మొండి పొదలు కొన్నేళ్లకోసారి వేల సంఖ్యలో మోడువారిపోయేవి. పాత విమాన ఛాయాచిత్రాల్లోనూ ఆ చావులు కనిపిస్తాయి.

మొదటి అనుమానం ఆకుపురుగుల మీదే. అవి పొదను ఆకు లేకుండా చేసినా మళ్లీ చిగురిస్తోంది. మరి చంపుతున్నదెవరు?

1990లలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డొనాల్డ్ స్ట్రాంగ్, ఆయన సహచరులు మొదళ్లు తవ్వారు. వేళ్లు చీల్చి చూస్తే లోపలంతా సొరంగాలు, వాటి నిండా ఘోస్ట్ మాత్ అనే రెక్కల పురుగుకు చెందిన గొంగళిపురుగులు. ఒక్కో పొదలో పదుల కొద్దీ!

ఈ రెక్కల పురుగు ఆకుల మీద గుడ్లు అంటించదు, నేల మీద జారవిడుస్తుంది. రెక్కలొచ్చాక తిండే తినదు. జీవితానికి సరిపడా తినాల్సింది గొంగళి దశలోనే. పిల్ల పురుగు ముందు మొదలు చుట్టూ బెరడు గీకుతుంది, ఎదిగాక వేరులోకి తొలుచుకుపోతుంది.

దోషి దొరికాడు సరే, కొన్నిచోట్ల పొదలు ఏళ్ల తరబడి క్షేమంగా ఎలా ఉన్నాయి? నన్ను ఈ కథలోకి లాగింది ఈ రెండో ప్రశ్నే.

ఆ మట్టిలో మిల్లీమీటరు కూడా లేని నులిపురుగు ఉంది. పేరు హెటిరోరాబ్డైటిస్. తడిమట్టిలో పాకుతూ సొరంగంలోకి దూరి, గొంగళి ఒంట్లోకి చొరబడి, తన కడుపులో మోసుకొచ్చిన బ్యాక్టీరియాను వదులుతుంది. రెండు రోజుల్లో గొంగళి చస్తుంది. ఆ కళేబరాన్నే తిని నులిపురుగులు సంతతిని పెంచుతాయి. కొన్ని వారాల్లో లక్షల పిల్లలు మట్టిలోకి వెళ్తాయి.

స్ట్రాంగ్ బృందం లుపిన్ నారు నాటి పరీక్షించింది. గొంగళుల సంఖ్య పెరిగేకొద్దీ మొక్కలు చచ్చాయి. నులిపురుగుల్ని కలిపిన మట్టిలో మాత్రం గొంగళులు ఎన్ని వదిలినా మొక్కలు దాదాపుగా నిలిచాయి. కాలిఫోర్నియా వేసవిలో చినుకు పడడం అరుదు. అప్పుడు నులిపురుగులకు దిక్కు లుపిన్ పొద కిందున్న తేమే. తనను కాపాడేవాళ్లకు పొదే నీడనిస్తోందన్నమాట!

ఇది అమెరికా ముచ్చటగా వదిలేయకూడదు. అదే ప్రజాతికి చెందిన మరో నులిపురుగు కోయంబత్తూరు మట్టిలో దొరికింది, 1992లో దానికి ఇండికా అని పేరు పెట్టారు. వేర్లు కొరికే పెంకుపురుగు పిల్లల మీద దాన్ని పొడిగా తయారుచేసి మన దేశంలో వాడుతున్నారు. వేరుపురుగుతో వేరుశనగ పోగొట్టుకునే రైతులు దాని గురించి వ్యవసాయాధికారిని అడగాలి. చల్లేటప్పుడు నేలలో పదును ఉండాలి, ఎండిన మట్టిలో అది బతకదు.